తలుపు బాగుచేశాను, కారణం తెలియదు

సెప్టెంబరు 30, సోమవారం

214వ గది తాళం మార్చాను. తాళం రంధ్రంలో జిగురు పోసి ఉంది. కారణం: తెలియదు. కింది అంతస్తులో మూడు దీపాలు మార్చాను. బయట 9 డిగ్రీలు.

ఈ విశ్వవిద్యాలయ భవనం మరమ్మతులు చూసేవాణ్ణి కాబట్టి ఇంతవరకు ఆఫీసు చిట్టాలో రాశాను. మిగతాది ఇక్కడ.

214 డీసా గది. స్త్రీలు, జెండర్ అధ్యయన విభాగంలో ఆరేళ్లుగా డాక్టరేటు చేస్తోంది. నేను జిగురు గీకుతున్నంతసేపూ పక్కన గోడకు ఆనుకుని నిలబడింది.

"రూనె, ఇది పొంటుస్ పని," అంది.

"ఎవరు?"

"నాలుగేళ్లు నాతో ఉన్నవాడు. వసంతంలో వెళ్లగొట్టాను. నా దరిదాపుల్లోకి రాకూడదని కోర్టు చెప్పింది. జిగురుకి ఆ ఆజ్ఞ వర్తించదనుకున్నట్టున్నాడు."

నవ్వింది. మెడ మీద పాత మచ్చ ఒకటి కనిపించింది, బొటనవేలంత.

"చిట్టాలో వాడి పేరు రాస్తావా?"

"నేను చూడలేదు కదా. చూడనిది రాయను."

"సరే," అంది. చాలాసేపు నా వైపే చూసింది.

అక్టోబరు 3, గురువారం

క్యాంటీన్లో బఠాణీ సూప్. లిఫ్టు రెండుసార్లు ఆగింది.

నేను బడి మానేసింది పదిహేనో ఏట. ఈ భవనంలో చేరాక వరండాలో 'ఉచితం' అని పెట్టే పెట్టెలోంచి పుస్తకాలు తీసుకుని చదవడం మొదలుపెట్టాను. మొదటి ఏడాది విద్యార్థులు చదివేవన్నీ చదివాను. ఎవరికీ చెప్పలేదు. విభాగాధిపతి ఇంగెలకు మాత్రం తెలుసు. ఇది అసలు ఏ చదువు అని ఒకసారి అడిగితే ఆమె కాఫీ కప్పు పక్కన పెట్టి అంది: "ఒక ఆడది చచ్చిపోయిందనుకో. లాయరు దగ్గర ఒక ఫైలుంటుంది, డాక్టరు దగ్గర ఒకటి, ఇల్లు అద్దెకిచ్చినవాళ్ల దగ్గర ఒకటి. ఎవరి ఫైలు వాళ్లకి సరిగ్గానే ఉంటుంది. మేము అన్నీ ఒకే బల్ల మీద పరుస్తాం. అంతే."

ఈ రోజు డీసా థీసిస్ అచ్చు ప్రతి నా చేతికి వచ్చింది. డాక్టరేటుకు ముందు గ్రంథాన్ని చెక్కపలకకు మేకు కొడతారు; ఆ మేకు కోసం పుస్తకం మూలన రంధ్రం చేసేది నేనే, మందం చూసుకోవాలి.

"దేని గురించి?" అని అడిగాను.

"నీలాంటి వాళ్ల చిట్టాల గురించి," అంది. "పాత అద్దె భవనాల మరమ్మతు పుస్తకాలు, ఆసుపత్రి కాగితాలు, పోలీసు కాగితాలు. ఏ తలుపు ఎన్నిసార్లు విరిగింది, ఆ లోపల ఎవరి ఎముక ఎన్నిసార్లు విరిగింది. చదువుతావా?"

ఇంటికి తెచ్చాను.

అక్టోబరు 4

నాలుగో అధ్యాయం చదివాను.

అక్టోబరు 5, శనివారం

అల్మ్‌వెగెన్ 12, మూడో అంతస్తు, బి ఇల్లు. 1986 ఆగస్టు నుంచి 1988 అక్టోబరు దాకా తలుపు తొమ్మిదిసార్లు బాగుచేశారట. తొమ్మిదిసార్లూ చిట్టాలో అవే మాటలు: 'తలుపు బాగుచేశాను. కారణం: తెలియదు.' కింద పొడి అక్షరాలు, ఆర్.హెచ్.

పదోసారి 1988 నవంబరు 2న. 'మూడు–బి, తలుపు మంచి స్థితిలో ఉంది.' ఆ రోజే ఆ ఇంట్లో గున్‌వొర్ ఎక్ అనే ముప్పై నాలుగేళ్ల మనిషిని ఆమె భర్త బెర్తిల్ ఇనప పెనంతో కొట్టి చంపాడు. ఆమె ఒంట్లో మాని, మళ్లీ విరిగిన ఎముకలు పదకొండు అని శవపరీక్ష కాగితం. డీసా రెండింటినీ పక్కపక్కన అచ్చు వేసింది. చివర ఇలా రాసింది: 'ఆ భవనం చూసుకునే మనిషికి తెలుసు. తొమ్మిదోసారి గట్టి కొత్త తాళం వేశారు. అయినా చివరి రోజు ఆ తలుపు విరగకుండా ఎలా తెరుచుకుందో ఏ కాగితంలోనూ లేదు. ఆర్.హెచ్. ఎవరో కనుక్కోలేకపోయాను.'

ఆర్.హెచ్. అనే పేర్లు ఈ దేశంలో వేలు ఉంటాయి. రూనె హల్లీన్ ఒక్కడే కాదు.

చిట్టా పేజీ ఫోటో వేసింది. ఏడు అంకె నడుంమీద అడ్డగీత ఉంది. నేనూ ఏడు అలాగే రాస్తాను. చాలామంది అలాగే రాస్తారు.

నాకు మూడు–బి గుర్తులేదు.

అక్టోబరు 9, బుధవారం

214 కిటికీ అద్దం పగిలింది. కారణం: రాయి. కొత్త అద్దం బిగించాను.

డీసా చెంప మీద పదమూడు కుట్లు పడ్డాయి. చెవి కింద నుంచి నోటి మూల దాకా తెగింది. నేల మీద నెత్తురు నేనే తుడిచాను, చల్లటి నీళ్లతో. వేడినీళ్లతో తుడిస్తే మరక పోదు. ఎలా తెలుసని శుభ్రం చేసే అమ్మాయి అడిగింది. తెలుసు అన్నాను.

డీసా చిట్టా చూసింది.

"రాయి తనంతట తానే ఎగిరిందా, రూనె?"

చిట్టా మూశాను.

ఇంగెల పొంటుస్ ఫోటో ఒకటి తెచ్చి, గుమ్మం పక్కన నేను కూర్చునే గది కిటికీ బల్ల మీద పెట్టింది. "వీణ్ణి చూస్తే వెంటనే పోలీసులకి ఫోన్ చెయ్యి. గోడకి అంటించకూడదట, చట్టం ఒప్పుకోదట. దగ్గర పెట్టుకో." డ్రాయరులో పెట్టాను.

అక్టోబరు 21, సోమవారం

ఉదయం పది గంటలకు ఒకతను నా కిటికీ దగ్గరికి వచ్చాడు. ముదురు నీలం కోటు, శుభ్రమైన గోళ్లు. నవంబరు నెల హాలు బుకింగుల జాబితా కావాలన్నాడు. ఏ రోజు ఏ కార్యక్రమం, ఎన్నింటికి, ఏ గుమ్మం తెరుస్తారు అన్నీ అందులో ఉంటాయి. 'మీకు శ్రమ ఇస్తున్నాను' అన్నాడు. ఈ దేశంలో రాజుగారినీ చీపురు పట్టేవాణ్ణీ అందరం నువ్వు అనే అంటాం. ఎవరైనా నన్ను మీరు అని ఎన్నేళ్లయింది!

అది ప్రజల కాగితం. అడిగినవాడికి ఇవ్వాలి. పేరు అడగకూడదు, ఎందుకని అడగకూడదు. కొత్తగా చేరిన వాళ్లందరికీ మొదటి రోజే నేర్పే పాఠం. అడగలేదు. ఇచ్చాను.

నిబంధన ప్రకారమే ఇచ్చాను.

మొహం ఎక్కడో చూసినట్టు అనిపించింది. కాని లిఫ్టు మళ్లీ ఆగింది, వెళ్లాల్సి వచ్చింది.

అక్టోబరు 22

డ్రాయరు తెరవలేదు. దానిలోంచి తీయాల్సిందేమీ లేదు.

నవంబరు 1, శుక్రవారం

గుర్తుంది.

వాళ్ల చెప్పుల గూడు పసుపు రంగు. బెర్తిల్ ట్రామ్ డ్రైవరు, మెట్ల మీద ఎదురైతే టోపీ తీసేవాడు. కొట్టేటప్పుడు అరిచేవాడు కాదు. ఆమె కూడా అరిచేది కాదు. వస్తువులే అరిచేవి. మొదట కుర్చీ, తర్వాత గోడ, తర్వాత తలుపు. నేను రెండో అంతస్తు మెట్టు మీద పనిముట్ల పెట్టెతో నిలబడి అది ఆగేదాకా ఆగేవాణ్ణి. ఆగాక బెల్లు కొట్టేవాణ్ణి.

నాకప్పుడు ఇరవై ఆరేళ్లు. ఇంటి గొడవల్లోకి పోకూడదని భవనం నడిపే సంస్థ చెప్పింది. అందరూ అలాగే ఉండేవాళ్లు.

ఇది డీసాకు చెప్పాలి. చెబితే ఆమె నాలుగో అధ్యాయం నిలబడుతుంది. చెప్పకపోతే డిసెంబరు ఆరున బహిరంగ వాదనలో తప్పులు పట్టడానికి వచ్చే పండితురాలు దాని మీదే పడుతుందని ఇంగెల భయపడుతోంది. ఆ అధ్యాయం పడిపోతే డాక్టరేటు పోతుందట.

వచ్చే వారం చెబుతాను.

నవంబరు 8, శుక్రవారం

ప్రతికి రంధ్రం చేశాను, ఆరు మిల్లీమీటర్లు. నాలుగో అధ్యాయం గుండా డ్రిల్లు పోయింది.

సుత్తి నూనె పెట్టి తుడిచాను. డాక్టరేటుకు మూడు వారాల ముందు గ్రంథాన్ని అందరి ఎదుటా చెక్కపలకకు మేకు కొట్టాలి. ఎవరైనా వచ్చి చదివి తప్పు పట్టొచ్చని దాని అర్థం. మా విభాగం సుత్తి పిడి మీద ఇప్పటిదాకా మేకు కొట్టిన పదిహేడు మంది ఆడవాళ్ల పేర్లు కాల్చిన అక్షరాల్లో ఉన్నాయి. పద్దెనిమిదోది నేను కాల్చాలి, కార్యక్రమం అయ్యాక. చోటు కొలిచి పెన్సిల్ గీత గీశాను.

డీసా వచ్చి సుత్తి బరువు చూసింది. "ఒక్క దెబ్బకి దిగుతుందంటావా?"

"మూడు పడతాయి."

"ఆరేళ్ల చదువుకి మూడు దెబ్బలా? చవకే."

చెబుదామని నోరు తెరిచాను. ఫోన్ మోగింది. ఆమెది.

నవంబరు 15

ఈ రోజు రాయలేను.

నవంబరు 16, శనివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

మధ్యాహ్నం ఒంటిగంట. ముందు హాల్లో ముప్పై మంది. ఇంగెల వెనక బల్ల దగ్గర గ్లాసుల్లో ఆపిల్ సైడరు పోస్తోంది. డీసా ఎడమచేత్తో పుస్తకం పలకకు ఆనించి పట్టుకుని, కుడిచేత్తో మొదటి దెబ్బ కొట్టింది. మేకు వంగింది. అందరూ నవ్వారు. "సిద్ధాంతం గట్టిది, చేయి మెత్తది!" అని ఎవరో అరిచారు. ఇంకో మేకు ఇచ్చాను. ఆమె దాన్ని సగం దించి, పట్టు మార్చుకోవడానికి సుత్తి ఎడమచేతిలోకి తీసుకుని కుడి అరచేత్తో పుస్తకం అదిమింది.

పక్కనుంచి పూలగుత్తితో ఒకతను ముందుకు వచ్చాడు. ముదురు నీలం కోటు. "ఇటివ్వు, సాయం చేస్తాను," అని సుత్తి అందుకున్నాడు. డీసా మొహం పలక వైపు ఉంది. ఎవరో సహోద్యోగి అనుకుని ఇచ్చేసింది.

నాకు తెలిసింది. నేను అతనికి మూడడుగుల దూరంలో ఉన్నాను. కోటు తెలిసింది, మొహం తెలిసింది, డ్రాయరులో ఫోటో తెలిసింది. అయినా నిలబడ్డాను. ఊపిరి ఒకసారి పీల్చి వదిలేంత సేపు.

"డాక్టరమ్మా," అన్నాడు, "నన్ను ఏ పేజీలో ఎక్కించావు?"

మొదటి దెబ్బ పుస్తకం మీద పెట్టిన ఆమె కుడిచేతి మీద. ఎండు కొమ్మలు తొక్కిన చప్పుడు. ఆమె అరవలేదు. చేయి వైపు చూసింది, అది వేరేవాళ్లది అన్నట్టు. రెండోది మెడ పక్క ఎముక మీద. మోకాళ్ల మీద కూలబడింది. మూడోది తలకి గురిపెట్టాడు. అప్పుడు కదిలాను. భుజంతో గుద్దాను. సుత్తి ఆమె చెవి పక్కనుంచి పోయి పలకను నిలువునా చీల్చింది.

ఆ తర్వాతది కూడా రాయాలి. అతన్ని రాతి నేల మీద పడేశాను. సుత్తి దూరంగా జారింది. జుట్టు పట్టుకుని తల నేలకేసి కొట్టాను, పిడికిలితో నోటి మీద గుద్దాను. పళ్లు ఊడి నా పిడికిలిలో గుచ్చుకున్నాయి. అతను "చాలు, చాలు" అన్నాడు. ఇంగెల వెనకనుంచి నా చొక్కా పట్టుకుని లాగింది.

"రూనె! వదులు! చచ్చిపోతాడు!"

వినపడింది. వినపడ్డాక ఇంకా రెండుసార్లు కొట్టాను. నా నోట్లోంచి బెర్తిల్ అనే పేరు వచ్చిందని తర్వాత ఎవరో అన్నారు. రాలేదు.

అంబులెన్సు డీసాను తీసుకెళ్లాక పుస్తకం సగం దిగిన మేకుకు వేలాడుతూ ఉంది. అట్ట మీద నెత్తురు. గడువు ఆ రోజుతో సరి. సుత్తి పోలీసులు సంచిలో వేసుకున్నారు. ఇంగెల బూటు విప్పి, మడమతో కొట్టి మేకు పూర్తిగా దించింది. పదకొండు దెబ్బలు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

నవంబరు 18, సోమవారం

పలక బాగుచేశాను. కారణం:

క్యాంటీన్లో నన్ను చూసి లేచి నిలబడ్డారు. ఎవరో నాకోసం దాల్చినచెక్క బన్నులు తెచ్చారు. వీరుడివి అన్నారు. పొంటుస్ దవడ రెండు చోట్ల విరిగిందట, ఆసుపత్రి నుంచి నేరుగా జైలుకి పంపుతారట. నా పిడికిలి మీద కట్టు చూసి పోలీసు అమ్మాయి, "ఆ పరిస్థితిలో ఎవరైనా అంతే చేస్తారు," అంది. "అతనికి చోటూ సమయమూ ఎలా తెలిశాయో మరి?" అని కూడా అంది, రాసుకుంటూ.

తెలియదు అన్నాను.

పేరు అడగకూడదని చట్టం. డ్రాయరు తెరవకూడదని ఏ చట్టంలోనూ లేదు.

నవంబరు 24, ఆదివారం

ఆసుపత్రికి వెళ్లాను. డీసా కుడిచేయి మోచేతి దాకా పిండికట్టులో ఉంది. నాలుగు వేళ్లలో ఇనప పుల్లలు. రెండు వేళ్లు ఇక వంగవట. మెడ దగ్గర నల్లగా కమిలింది.

"వాయిదా వేసుకో," అన్నాను.

"వాడి కోసమా? వెయ్యను."

"తలుపులు మూసి జరిపితే?"

"బహిరంగ వాదన, రూనె. గుమ్మం తెరిచి ఉండాలి, ఎవరైనా రావచ్చు. మూసిన తలుపుల గురించి రాసి, మూసిన తలుపుల వెనక డాక్టరు కానా?" కొంచెం నవ్వబోయి, నొప్పికి ఆపేసింది. "నువ్వు గుమ్మం దగ్గర ఉంటావా?"

"ఉంటాను."

"నువ్వుంటే నాకు భయం లేదు."

చెప్పాలనే వెళ్లాను. ద్రాక్షపళ్లు అక్కడ పెట్టి వచ్చేశాను.

డిసెంబరు 6, శుక్రవారం

హాలు గుమ్మం చెక్కముక్క పెట్టి తెరిచి ఉంచాను. పక్కన నిలబడ్డాను. నూటపాతిక మంది. మైనస్ 4 డిగ్రీలు, గాలి లోపలికి కొడుతోంది.

తప్పులు పట్టడానికి ఓస్లో నుంచి వచ్చిన ఆమె పేరు సొల్‌వెయ్. తెల్ల జుట్టు, నెమ్మదైన గొంతు. రెండు గంటలు అడిగింది. డీసా అన్నింటికీ చెప్పింది. తర్వాత సొల్‌వెయ్ నాలుగో అధ్యాయం తెరిచింది.

"'ఆ మనిషికి తెలుసు' అని రాశావు. చిట్టాలో 'కారణం: తెలియదు' అని తొమ్మిదిసార్లు ఉంది. చలికాలం చెక్క ఉబ్బుతుంది, తాగి వచ్చిన అతిథి ఒకడు తన్నొచ్చు. తెలియదు అన్నవాడికి తెలుసని నువ్వెలా అంటావు?"

"తొమ్మిదిసార్లూ అక్షరం మారలేదు," అంది డీసా. "నిజంగా తెలియనివాడు ఒక్కసారైనా ఇంకో మాట రాస్తాడు. చెక్క పాతది అనో, బందు వదులైంది అనో. ఒకే మాట పట్టుకుని వేలాడేది తెలిసినవాడే."

"మంచి ఊహ. నాకూ నమ్మాలనే ఉంది. కాని చచ్చిపోయిన ఆమె తరఫున ఊహ ఇస్తే, ఆమెను చంపినవాడి వకీలు దాన్ని ఒక్క నిమిషంలో చింపేస్తాడు. రుజువుందా?"

డీసా కట్టు చేతి వైపు చూసుకుంది.

"లేదు."

హాల్లో కుర్చీలు కిర్రుమన్నాయి. ఇంగెల కాగితాలు సర్దుతూ ఎప్పటిలాగే అడిగింది: "సభలో ఎవరైనా మాట్లాడతారా?" ఎప్పుడూ ఎవరూ మాట్లాడరు. అందరి చూపూ అప్పటికి కేకు మీద ఉంటుంది.

"నేను," అన్నాను.

అందరూ వెనక్కి తిరిగారు. గుమ్మం మూయమంటున్నాననుకున్నారేమో, ఒకతను చెక్కముక్క తీయడానికి లేచాడు.

"ఆర్.హెచ్. నేనే. రూనె హల్లీన్. అల్మ్‌వెగెన్‌లో ఏడేళ్లు చేశాను."

సొల్‌వెయ్ కళ్లద్దాలు తీసింది. "నీకు తెలుసా?"

"తెలుసు."

"ఎన్నోసారి నుంచి?"

"మొదటిసారి నుంచి. కింది మెట్ల మీద నిలబడి వినేవాణ్ణి. ఆగాక పైకి వెళ్లేవాణ్ణి." ఆపితే మళ్లీ మాట్లాడనని తెలుసు. "ఇంకొకటి. అక్టోబరు 21న పొంటుస్‌కు హాలు జాబితా ఇచ్చింది నేను. పేరు అడగకూడదు, అడగలేదు. ఫోటో డ్రాయరులో ఉంది. తీసి చూడలేదు."

నన్ను వీరుడన్నవాళ్లు నేల వైపు చూశారు. ఇంగెల మొహం సున్నం గోడలా అయింది. డీసా మాత్రం నన్నే చూసింది, జిగురు గీకిన రోజు చూసినట్టు. తర్వాత పెన్ను తీసుకుని, ఎడమచేత్తో, పసిపిల్లలా వంకరటింకరగా, రెండూ రాసుకుంది.

"చివరి రోజు తలుపు ఎలా తెరుచుకుంది?" అని అడిగింది.

"గుర్తులేదు," అన్నాను.

"రూనె."

"రాసి తెస్తాను."

"తేదీలతో," అంది. "రేపు."

కమిటీ నలభై నిమిషాలు కూర్చుని డాక్టరేటు ఇచ్చింది. కేకు కోశారు. ఎవరూ నాకు ముక్క తేలేదు. చెక్కముక్క తీసి గుమ్మం మూశాను.

డిసెంబరు 7, శనివారం

డీసాకు ఇవ్వాల్సిన ప్రతి. ముందు ఇక్కడ రాసి, తర్వాత తిరగరాస్తాను.

1986 ఆగస్టు 19. మూడు–బి, తలుపు బాగుచేశాను. కారణం: బెర్తిల్ ఎక్ లోపలినుంచి గున్‌వొర్ తలను తలుపుకేసి కొట్టాడు. చెక్క చీలికలో వెంట్రుకలు ఉన్నాయి. వాటిని పీకి జేబులో వేసుకున్నాను. ఆమె కాఫీ ఇచ్చింది. ఎడమచేత్తో ఇచ్చింది.

1986 అక్టోబరు 7. తలుపు బాగుచేశాను. కారణం: బెర్తిల్. ఆమె స్నానాలగదిలో ఉంది, బయటికి రాలేదు. నీళ్లు కారుతున్న చప్పుడు.

1987 జనవరి 27. కారణం: బెర్తిల్. ఆమె "మీ సంస్థకు రాస్తారా" అని అడిగింది. రాస్తానన్నాను.

1987 మార్చి, మే, సెప్టెంబరు, డిసెంబరు. రోజులు ఆఫీసు చిట్టాలో ఉన్నాయి. కారణం: బెర్తిల్, నాలుగుసార్లూ. డిసెంబరులో ఆమె ముందు పళ్లు రెండు చెప్పుల గూడు కింద దొరికాయి. ఊడ్చేశాను.

1988 జూన్ 17. కారణం: బెర్తిల్. ఆమె ఏమీ అడగలేదు.

1988 అక్టోబరు 24. తలుపు బాగుచేశాను, కొత్త తాళం వేశాను. కారణం: ఆమె అతన్ని బయటికి పంపేసింది. ఎవడూ తీయలేని తాళం కావాలంది. అలాంటిదే వేశాను. తాళంచెవి ఒక్కటే ఇచ్చాను. ఆమె దాన్ని మెడలో దారానికి కట్టుకుంది.

1988 నవంబరు 2. తలుపు మంచి స్థితిలో ఉంది. కారణం: ఉదయం తొమ్మిదింటికి బెర్తిల్ నా గదికి వచ్చాడు. టోపీ తీశాడు. అద్దె పత్రంలో తన పేరు ఇంకా ఉందని చూపించాడు. పత్రంలో పేరున్న ప్రతివాడికీ ఒక తాళంచెవి ఇవ్వాలి. పెట్టెలోంచి రెండోది తీసి ఇచ్చాను. సంతకం పెట్టించుకున్నాను.